చాప మీది ప్రార్థన

క్రీస్తుకు దగ్గర కావడం అంటే ఇప్పుడు చాలామందికి పెద్ద సభలు, స్టేజీ, సౌండ్ బాక్సులు గుర్తొస్తాయి. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ విశ్వాసం తరతరాలుగా నిలిచింది మాత్రం ఇంట్లో, చాప మీద. ఉదాహరణకు తాడేపల్లి 2021లో మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థ అయింది. జాతీయ రహదారి పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి. అయినా పాత పేటల్లో రాత్రి అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఆ ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. పనికి వెళ్లినవాళ్లు వచ్చి కాళ్లూ చేతులూ కడుక్కుంటారు. టీవీ ఆపుతారు. ఆడవాళ్లు కొంగు తల మీదికి లాక్కుంటారు. నాయనమ్మ ఒక కీర్తన ఎత్తుకుంటుంది. చరణం ఆమె పాడితే పల్లవి అందరూ అందుకుంటారు, తాళం తొడ మీదే. తర్వాత బైబిలు పిల్లల చేతికి వస్తుంది. తలా ఒక వచనం. చిన్నవాడు ఒత్తుల దగ్గర తడబడితే, చదువురాని నాయనమ్మ కళ్లు మూసుకునే మాట అందిస్తుంది. ఆ అధ్యాయమంతా ఆమెకు కంఠతా వచ్చు మరి. ఆ మీదట మోకాళ్లూని ప్రార్థన. జ్వరంతో ఉన్న పక్కింటివాళ్లు, అప్పు తీరని అన్న, పరీక్ష రాసే పిల్ల, అందరూ పేరుపేరునా వస్తారు. చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన చెబుతారు. మొత్తం పావుగంట పడితే ఎక్కువ.

ఆ పావుగంటలో పాటకు, కంఠతా పట్టడానికి అంత చోటు దొరకడానికి కారణం చరిత్రలో ఉంది. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. ఒంగోలులో 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు కొండెక్కి ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. కరువు తర్వాత 1878 జూలై 3న, వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ క్లౌ దొర నాయకత్వంలో జరిగిన ఆ ఉద్యమంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్లను బడి గడప తొక్కనివ్వని కాలం అది. అచ్చుపుస్తకం చేతికిచ్చినా చదవలేని మనిషికి వాక్యం అందాలంటే అది నోటికి రావాలి, నోటికి రావాలంటే పాట కావాలి. ఆ ఉద్యమానికి దారి వేసిన యెర్రగుంట్ల పేరయ్య క్రీస్తును ఎరగకముందు రాజయోగం అభ్యసించినవాడు. నిశ్చలంగా కూర్చోవడం మన పల్లెలకు మిషనరీలు తెచ్చిన విద్య కాదని ఆయన జీవితమే చెబుతుంది.

పాటకు రూపమిచ్చినవాళ్లలో పెద్దపేరు పురుషోత్తమ చౌధరి (1803-1890). ఆయన కీర్తనలున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకం తెరిస్తే, కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఇది అలంకారం కోసం చేసిన పని కాదు. రాగం పట్టుబడితే మాట మరిచిపోరు. కలుపు తీస్తూ, పత్తి తీస్తూ పాడుకోవచ్చు. ఆదివారం విన్న ప్రసంగం బుధవారానికి గుర్తుండకపోవచ్చు, కీర్తన మాత్రం పొలంలోకి వెంట వస్తుంది. కీబోర్డు మోతలో మాట వినపడని కొత్త పాటల కంటే ఈ కీర్తనలే మనిషిని నిలబెడతాయని నా గట్టి అభిప్రాయం.

పాట ఒక దారి అయితే మౌనం ఇంకొకటి. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను స్థాపించారు. గుంటూరు కాకాని తోటలో గడిపి 1960లో ప్రభువు సన్నిధికి చేరారు. ఏటా జనవరి చివర నాగార్జున విశ్వవిద్యాలయం ఎదుట జరిగే మహాసభలకు తాడేపల్లి నుంచీ జనం వెళ్తారు. కానీ అయ్యగారు ఇచ్చిన అసలు ఆస్తి సన్నిధి కూటం అనే ప్రార్థన పద్ధతి. ముందు మనసు నిదానం చేసుకోవాలి. తప్పులు దాచకుండా ఒప్పుకోవాలి, వాటిని విడిచిపెట్టాలని తీర్మానించుకోవాలి, తనను తాను అప్పగించుకోవాలి. మనవులు చెప్పుకుని, స్తుతించి, ఆపైన ఊరుకోవాలి. ప్రభువు ఏం చెబుతాడోనని కనిపెట్టుకుని ఉండాలి. అన్నిటికన్నా కష్టం ఈ చివరిదే. అడగడం మనకు పుట్టుకతో వచ్చు, వినడం నేర్చుకోవాలి. ఏం చేయాలో, ఎవరికి క్షమాపణ చెప్పాలో ఆ ఊరుకున్న కాసేపట్లోనే తడుతుంది. ఏ సంఘంవాళ్లయినా ఇంట్లో చేసుకోదగ్గ అభ్యాసం ఇది.

పాట, మౌనం తర్వాత ఉపవాసం. ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమ దినాలు మా ప్రాంతంలో మిరప కోతల మీదే వస్తాయి. రోజంతా కాయలు కోసిన చేతులు రాత్రి కూడా మండుతుంటాయి. అలాంటి కూలిమనిషిని నలభై రోజులూ పస్తుండమనడం న్యాయం కాదు. వాళ్లు శుక్రవారం ఒకపూట మానేసి, సాయంత్రం ఎవరో ఒకరింట్లో జరిగే కూడికకు వస్తే చాలు. కూలి డబ్బుల దగ్గర మాటామాటా అనుకున్న ఇద్దరు, ప్రభు సంస్కారపు ఆదివారానికి ముందే ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్లి మాట్లాడుకోవాలి. మత్తయి సువార్త ఐదో అధ్యాయం అడిగేది అదే. క్రీస్తుకు ఎంత దగ్గరయ్యామో కొలవాలంటే మోకాళ్ల మీద గడిపిన గంటలు లెక్కపెట్టక్కర్లేదు. పలకడం మానేసిన పొరుగింటితో మళ్లీ పలికామా లేదా చూసుకోవాలి.

ఇప్పుడు వాక్యం ఫోనులో వస్తోంది. ఆ రోజు వాగ్దాన వచనం తెల్లారేసరికి వాట్సాప్‌లో ఉంటుంది. చదివి ముందుకు పంపేయడం తేలిక, కంఠతా పట్టేవాళ్లు తగ్గారు. గదికొకరుగా ఫోను చూసుకునే ఇంట్లో అందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టడమే ఈనాటి ఉపవాసం అనుకోవచ్చు. అమ్మానాన్నలకు నా మనవి ఒకటే. మీ ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో నోటికొచ్చిన కీర్తనలు ఆమె ఉండగానే, ఆమె గొంతులోనే ఫోనులో రికార్డు చేయండి. వాటిలో ఒక్కటైనా ఈ క్రిస్మస్‌లోగా పిల్లలకు పుస్తకం చూడకుండా వచ్చేలా నేర్పండి.