యూస్తినా కథనము – ప్రథమపురుష ప్రయోగము

నాజీల యాక్రమణకు లోనైన పోలండునందు, క్రాకో నగరమున సాయుధముగ నెదిరించిన యూదు యువజనులలో గుస్తా డేవిడ్‌సన్ ద్రేంగర్ యొకతె. 1943లో చెఱసాలయందు మఱుగుదొడ్డి కాగితపు తునకలపై ఆమె వ్రాసిన ‘యూస్తినా కథనము’ 1946లో ప్రకటితమైనది. అందు రచయిత్రి తన్నుఁ దాను ‘నేను’ అనక, యూస్తినా యను మాఱుపేరుతోఁ బ్రథమపురుషమున వర్ణించుకొన్నది. ఇది నవలాఫక్కి యనియు, దీనిచేఁ జారిత్రకప్రామాణ్యము తగ్గుననియు నాక్షేపింపవచ్చును. మేమట్లు తలంపము. దొంగముద్రలతో గుర్తింపుపత్రములు కల్పించుట, పరుల పేరుతో రైలుప్రయాణము, శుక్రవారపు సాయంకాలమున రహస్యముగ సబ్బాతు సహపంక్తి – ఇట్టి దినచర్యలో సొంతపేరు పలుకుటయే ప్రాణాపాయము. కావున నిచ్చటి ‘ఆమె’ యలంకారము గాదు; ఆ జీవితము నేర్పిన యలవాటు. అదియే ప్రామాణ్యము. 1942 డిసెంబరు 22నాఁటి సిగనేరియా ఫలహారశాలపై దాడికొఱకు మాత్రమే యీ గ్రంథమును తిరుగవేయు పాఠకుఁడు, ఆ దాడిని సాధ్యపఱచిన నిత్యజీవనమును గానఁజాలఁడు.