అవాచ్యము - అనిర్వచనీయము

"ఈ పద్యమందలి రసము అనిర్వచనీయము" అనుట మన విమర్శనములందుఁ బరిపాటి యైనది. భగవద్విషయమునను నీ పదమునే వాడుచున్నాము. లోకవ్యవహారమున నిది దోషము గాదు. నారదభక్తిసూత్రములందుఁ బ్రేమస్వరూపమునకు నీ విశేషణమే కలదు. కాని వేదాంతము బోధించునపు డీ వాడుక చిక్కు దెచ్చును.

అద్వైతశాస్త్రమున అనిర్వచనీయము బ్రహ్మము గాదు, మాయ. శుక్తియందుఁ దోఁచిన రజతము పిదప బాధింపఁబడును గనుక సత్తు గాదు; తోఁచినది గనుక నసత్తును గాదు. ఇట్లు సత్తనియు నసత్తనియు నిరూపింప నలవిగానిదే అనిర్వచనీయము. బ్రహ్మమన్ననో కేవలసత్తు. అది అవాచ్య మగుటకుఁ గారణము వేఱు. జాతి, గుణము, క్రియ, సంబంధము అనువానిని బట్టి శబ్దము ప్రవర్తించును; నిర్విశేషవస్తువున నివి లేవు. రెంటి నొక్క పేరఁ బిలిచినచో సత్యమిథ్యల భేదమే చెడును.

అట్లయిన నుపనిషత్తు బ్రహ్మము నెట్లు బోధించును? సత్యజ్ఞానాదిపదములు దానిని లక్షించునే కాని వాచ్యముగాఁ జెప్ప వని తైత్తిరీయభాష్యమున శంకరుల సమాధానము. రామానుజు లిందుల కొడంబడరు. ఆనందమును నూఱేసి రెట్లుగా లెక్కించిన పిమ్మట వాక్కులు మరలునని శ్రుతి చెప్పినది గావున, బ్రహ్మగుణముల కంతము లేదనుటయే దాని తాత్పర్యము గాని, బ్రహ్మము శబ్దమునకు విషయము గాదనుట గాదని వారి మతము. ఈ యర్థము ప్రకరణమునకుఁ జక్కఁగా నతుకుచున్నది. అయిన నా వాక్యము ఆనందవల్లిలో రెండు తావులఁ గలదు. మొదటిది మనోమయప్రకరణమున, లెక్కకు ముందే వచ్చినది. అచ్చట నీ న్యాయ మంత సులభముగాఁ జెల్లదు. కాఁబట్టి ప్రకరణబలముచేతనే వివాదము తెగినదనుట సాహసము. ఉభయులును వాక్కునకు వ్యాపారము గల దనియే యంగీకరించిరి. అది యెట్టి వ్యాపార మనుటయందే భేదము.

సాహిత్యశాస్త్రమునను నిదే ప్రశ్న పుట్టినది. ధ్వని వాక్కునకు గోచరము గాదను పక్షమును ధ్వన్యాలోకారంభమున నానందవర్ధనుఁ డనువదించి, పిదపఁ దృతీయోద్ద్యోతమున ఖండించినాఁడు. ఏ వస్తువును సర్వశబ్దములకు నగోచరము గానేరదు, తుదకు అనాఖ్యేయ మను శబ్దముచేతనైన దానిఁ జెప్పుచునే యున్నార మని యాతని యుక్తి. అంతటితో నూరకుండక, యాతఁడు ధ్వని భేదములను లక్షణోదాహరణములతో నిరూపించినాఁడు.

మనకు నిదియే మార్గము. పద్యమున శబ్ద మేమి చేసినదో, అర్థ మెచ్చటఁ బరిణమించినదో, వ్యంగ్య మెట్లు స్ఫురించినదో చూపిన పిమ్మట, మాట కందని దేమైన మిగిలినచో నప్పుడు చెప్పవచ్చును. ముందే చెప్పినచో నది వస్తువుయొక్క మహిమ గాదు, మన యాలస్యము.