బరువు అదే, కరెంటు ఆరింతలు

జనరల్ మోటార్స్ ‘ఇంపాక్ట్’ 1990 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో జనం ముందుకొచ్చింది. మెర్సిడెస్ బెంజ్ ‘విజన్ ఈక్యూఎక్స్‌ఎక్స్’ 2022 జనవరిలో బయటికొచ్చింది. రెండూ ఎలక్ట్రిక్ కాన్సెప్ట్ కార్లే. పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ ముప్పై రెండేళ్లలో ఏది మారిందో, ఏది మారలేదో తేటతెల్లమవుతుంది.

ముందుగా వెనక భాగం చూడాలి. ఇంపాక్ట్ జనానికి లీజుకిచ్చేందుకు తగ్గట్టు రూపు దిద్దుకుని 1996లో ‘ఈవీ1’గా రోడ్డెక్కింది. అందులో వెనక చక్రాల మధ్య ఎడం ముందు చక్రాల కన్నా దాదాపు 23 సెంటీమీటర్లు తక్కువ. ఈక్యూఎక్స్‌ఎక్స్‌లోనూ వెనక వైపు 5 సెంటీమీటర్లు కురచ. ముందు చీలిన గాలి వెనక సుడులు తిరగకుండా మళ్లీ కలిసిపోవాలన్నదే రెండింటి పట్టుదల. ఇంపాక్ట్‌ను జీఎం కోసం తయారుచేసింది పాల్ మెక్‌క్రెడీ కంపెనీ ఏరోవైరన్‌మెంట్. మనిషి పెడల్ తొక్కి ఇంగ్లిష్ ఛానల్ దాటిన విమానం ఆయన రూపకల్పనే. గాలి విలువ తెలిసిన మనిషి కాబట్టే ఇంపాక్ట్ డ్రాగ్ (గాలి అడ్డును కొలిచే గుణకం) 0.19కి దిగింది. ఈక్యూఎక్స్‌ఎక్స్‌ది 0.17. మూడు దశాబ్దాల కంప్యూటర్ లెక్కలన్నీ కలిసి తగ్గించగలిగింది అంతే. ఈక్యూఎక్స్‌ఎక్స్‌ను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. కారు ఒంటికి సంబంధించిన చిక్కుముడి 1990లోనే చాలావరకు విడిపోయిందని చెప్పడానికి అంటున్నాను.

అసలు తేడా బ్యాటరీలో ఉంది. మొదటి ఈవీ1లో రెండు సీట్ల మధ్య నుంచి వెనక్కి ‘టీ’ అక్షరంలా పరిచిన లెడ్ యాసిడ్ బ్యాటరీల బరువు 533 కిలోలు. వాటిలో పట్టేది 16.5 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో పదహారున్నర యూనిట్లు. ఈక్యూఎక్స్‌ఎక్స్ బ్యాటరీ ఎలక్ట్రానిక్స్‌తో కలిపి 495 కిలోలు. అందులో వాడుకోగలిగేది వంద యూనిట్లకు కాస్త తక్కువ. బరువు ఇంచుమించు అదే, కరెంటు ఆరింతలు.

2022 ఏప్రిల్‌లో ఈక్యూఎక్స్‌ఎక్స్ జర్మనీలోని సిండెల్‌ఫింగెన్‌లో బయల్దేరి, ఆల్ప్స్ దాటి, ఫ్రాన్స్ తీరంలోని కాసీ చేరింది. దారిలో ఎక్కడా ఛార్జింగ్ పెట్టలేదు. 1,008 కిలోమీటర్లు నడిచాక కూడా బ్యాటరీలో 15 శాతం మిగిలింది. వంద కిలోమీటర్లకు 8.7 యూనిట్లు ఖర్చయ్యాయి. మెర్సిడెస్ దీన్ని పొదుపు సాధించిన విజయంగా చెప్పుకుంటుంది. నేను పూర్తిగా ఒప్పుకోను. అదే ఖర్చు లెక్కన ఈవీ1 పదహారున్నర యూనిట్లను ఈక్యూఎక్స్‌ఎక్స్‌లో పెడితే 190 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఈవీ1 అప్పట్లో ఒక ఛార్జింగ్‌తో 110 నుంచి 145 కిలోమీటర్లు నడిచేదని కంపెనీ చెప్పింది. అంటే పొదుపు వల్ల దూరం సుమారు ఒకటిన్నర రెట్లయింది. మిగతాదంతా రసాయనశాస్త్రం పెట్టిన భిక్ష. లెడ్ యాసిడ్ నుంచి లిథియంకు జరిగిన ఈ ప్రయాణం మనకూ ఎరుకే. తిరుపతి దగ్గర కరకంబాడిలో లెడ్ యాసిడ్ బ్యాటరీలతో ఎదిగిన అమరరాజా, లిథియం సెల్ ఫ్యాక్టరీ కోసం మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిని ఎంచుకుంది.

అయితే ఈ కొత్త రసాయనానికీ ఒక బలహీనత ఉంది. ఈక్యూఎక్స్‌ఎక్స్ యానోడ్‌లో (ఛార్జింగ్ వేళ లిథియంను పట్టుకునే ధ్రువంలో) సిలికాన్ పాలు ఎక్కువ. సిలికాన్ మామూలుగా అక్కడ వాడే గ్రాఫైట్ కన్నా ఎన్నో రెట్లు లిథియంను పట్టుకుంటుంది, కానీ పట్టుకున్నప్పుడల్లా దాదాపు మూడింతలు ఉబ్బుతుంది. ఛార్జి ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆ ఉబ్బడం, తగ్గడంతో పగుళ్లు పుడతాయి, ఆయుష్షు తరుగుతుంది. ఒక్కరోజు ప్రయాణం దీనికి జవాబు చెప్పదు. 2024లో ఇదే కారు రియాద్ నుంచి దుబాయ్‌కి 1,010 కిలోమీటర్లు వెళ్లి, వంద కిలోమీటర్లకు 7.4 యూనిట్లే తీసుకుంది. చాలా గొప్ప సంగతి. కానీ నేను అడుగుతున్నది ఎనిమిదేళ్ల వాడకం తర్వాతి లెక్క, రామగుండం ఎండలో రోజూ ఆరుబయట నిలబెట్టే కారు లెక్క.

ఈవీ1 కనీసం రోజువారీ వాడకం పరీక్షకు నిలబడింది. దాని లోపాలు దాచినవి కావు. లీజుకు తీసుకున్నవాళ్లు వాటిని రోజూ అనుభవించారు, అయినా కారును ప్రేమించారు. 1999లో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ వచ్చి సామర్థ్యం 26.4 యూనిట్లకు పెరిగింది. అప్పటికే సోనీ లిథియం అయాన్ బ్యాటరీలను మార్కెట్లోకి తెచ్చి ఎనిమిదేళ్లయింది. ఒళ్లు సిద్ధంగా ఉంది, దానికి తగిన రసాయనం దారిలో ఉంది. అలాంటి సమయంలో జీఎం లీజులు ముగించి, కొంటామని బతిమాలినవాళ్లకు కూడా ఇవ్వకుండా, తయారైన 1,117 కార్లలో ఎక్కువ వాటిని నుజ్జు చేయించింది. కొన్ని మాత్రం మ్యూజియంలకు వెళ్లాయి. విడిభాగాల కొరత, బాధ్యత అంటూ కంపెనీ చెప్పిన కారణాలు నాకు మింగుడుపడవు. ఆ కార్లు రోడ్ల మీద ఇంకో పదేళ్లు తిరిగి ఉంటే, బ్యాటరీలు ఎలా అరుగుతాయో తెలిసే అరుదైన అవకాశం దక్కేది.

ఈక్యూఎక్స్‌ఎక్స్ ఇలా నలిగిపోలేదు, అలాగని అమ్మకానికీ రాలేదు. దాని పాఠాలు ముక్కలుగా 2025 నాటి మెర్సిడెస్ సీఎల్ఏ కారులోకి దిగాయి. 85 యూనిట్ల బ్యాటరీ, యూరప్ పరీక్ష లెక్కలో 792 కిలోమీటర్ల దాకా దూరం, గ్రాఫైట్‌లో కలిపిన సిలికాన్ ఆక్సైడ్. గ్రాఫైట్‌ను మెర్సిడెస్ పక్కన పెట్టలేదు. కొనేవాడి చేతికిచ్చే కారులో అంత జాగ్రత్త పడడం సబబే. యంత్రంగా ఈక్యూఎక్స్‌ఎక్స్‌దే పైచేయి, అందులో అనుమానం లేదు. కాన్సెప్ట్ కారుగా మాత్రం నా ఓటు ఇంపాక్ట్‌కే. ఎందుకంటే అది చూపించిన కారును దాదాపు పూర్తిగా మనుషుల చేతికిచ్చింది, అదీ బ్యాటరీ తనకు సాయపడని కాలంలో.