మంట ఆరిన తర్వాత
(ముందుమాట)

1993 మార్చి 8 గురించి చిలకలూరిపేటవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. హైదరాబాదు నుంచి మన ఊరికి వస్తున్న ఆర్టీసీ బస్సులో దోపిడీకని ఎక్కిన ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది సజీవంగా కాలిపోయారు. ఆ ఇద్దరికీ పడిన ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కన్నబిరాన్, బాలగోపాల్ వంటి హక్కుల నాయకులు దాని మీద పోరాడారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. చంపే హక్కు రాజ్యానికి ఉందా లేదా అని దేశం వాదించుకుంది. వాదించుకోవలసిందే. ఆ బస్సులోంచి ప్రాణాలతో దిగినవాళ్ళకు ఆ తర్వాత నిద్ర పట్టిందా అన్నది మాత్రం పెద్దగా ఎవరి నోటా రాలేదు.

ఈ పుస్తకం రాసిన వైద్యురాలు ఆ ప్రశ్నే పట్టుకుంది. నా కూతురి ఈడుది కాబట్టి అమ్మాయి అంటాను, ఏమీ అనుకోదు. ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. 2024 మే నెలలో ఓటేసి హైదరాబాదు తిరిగి వెళ్తున్నవాళ్ళ బస్సు పసుమర్రు దగ్గర టిప్పర్‌ను ఢీకొని తగలబడి, ఆరుగురు పోయారు. మన ఊరి పొలిమేరలోనే రెండోసారి. ఇలాంటి ఘోరం నుంచి బయటపడ్డవాళ్ళలో అందరికీ జబ్బు రాదు. చాలామంది కొన్ని వారాల్లో కుదుటపడతారు. కొందరికి మాత్రం డీజిల్ వాసన వచ్చినా, వెనక హారన్ మోగినా అదే రాత్రి మళ్ళీ మొదలవుతుంది. దీన్నే పీటీఎస్‌డీ అంటున్నాం. అమెరికా మానసిక వైద్యులు 1980లో తమ జబ్బుల జాబితాలోకి ఎక్కించారు.

పుస్తకానికి ప్రాణం నాలుగో అధ్యాయం. భయం వేసినప్పుడు ముందు అడ్రినలిన్, నోరడ్రినలిన్ లేస్తాయి: గుండె దడ, చెమట, పరుగు. కొంచెం వెనకగా కార్టిసాల్ వస్తుంది. అది శక్తిని సమకూర్చడమే కాదు, రక్షణ కణాలు రేపే వాపును అదుపులో పెడుతుంది, పని ముగిశాక తన స్రావాన్ని తానే ఆపమని మెదడుకు కబురు పంపుతుంది. అయితే ఇన్నేళ్ళుగా భయంతో బతికేవాడి రక్తంలో కార్టిసాల్ ఎక్కువ ఉండాలి కదా? 1986లో జాన్ మేసన్ బృందం వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల మూత్రం పరీక్షిస్తే అది తక్కువగా కనిపించింది. తర్వాత పరిశోధకురాలు రేచల్ యెహూడా దీన్ని విడదీసి చూశారు. చాలామంది రోగుల్లో ఆ ఆపమనే కబురుకు మెదడు అవసరానికి మించి స్పందిస్తోంది.

సాగర్ కాలువ కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. కాలువ లస్కర్‌ను డ్యూటీ అయిపోయిందని తొందరగా ఇంటికి పంపేస్తే తూము తెరిచే ఉంటుంది, నీళ్ళు దిగువ చేలల్లోకి పోతూనే ఉంటాయి. ఒంట్లోనూ అలాగే కార్టిసాల్ వెనక్కి తగ్గుతుంది, నోరడ్రినలిన్ తగ్గదు. అది రక్షణ కణాల్లో ఎన్ఎఫ్-కప్పా-బీ అనే మీటను నొక్కుతుంది. ఐఎల్-6 వంటి వాపు రసాయనాలు (సైటోకైన్లు) ఊరుతాయి, కాలేయం వాపుకు గుర్తయిన సీఆర్పీని పెంచుతుంది. ఆ రసాయనాల ప్రభావం మెదడుకూ చేరి భయాన్ని ఇంకా పదునెక్కిస్తుంది. ఏళ్ళ తరబడి ఇలా సాగితే గుండె, కీళ్ళు ఊరుకుంటాయా? పీటీఎస్‌డీ ఉన్నవాళ్ళలో గుండెజబ్బులు, ఆటోఇమ్యూన్ జబ్బులు ఎక్కువని పెద్ద పరిశీలనలే చెబుతున్నాయి.

ఇంతవరకు చాలామంది రాయగలరు. అమ్మాయిని నేను మెచ్చుకునేది తర్వాతి పేజీలకు. కార్టిసాల్ అందరిలోనూ తగ్గదనీ, కొన్ని అధ్యయనాల్లో తేడాయే కనిపించలేదనీ దాచకుండా రాసింది. ఏది ముందు, ఏది వెనక అన్న చిక్కునూ వదలలేదు. అమెరికా మెరైన్ సైనికుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో, యుద్ధానికి వెళ్ళకముందే సీఆర్పీ ఎక్కువగా ఉన్నవాళ్ళకు తర్వాత ఈ లక్షణాలు వచ్చే అవకాశం ఎక్కువని తేలింది. అంటే వాపు భయానికి ఫలితమే కాదు, కొందరిలో అది ముందే వేసి ఉంచిన పునాది కూడా కావచ్చు. కనుక ఒక్క రక్తపరీక్షతో పీటీఎస్‌డీ తేల్చేస్తామనే ల్యాబుల మాట నమ్మవద్దంది. కార్టిసాల్ తక్కువైతే స్టెరాయిడ్ బిళ్ళ వేస్తే సరిపోదా అనేవాళ్ళకూ గట్టిగానే జవాబిచ్చింది.

మన పక్క పిల్లలు జడుసుకుంటే జ్వరం వస్తుందంటారు, తాయెత్తు కడతారు. ఆ మాట ఎత్తి, మన పెద్దలకు సైటోకైన్లు ముందే తెలుసని ఆమె డప్పు కొట్టలేదు. నాకు అదే నచ్చింది.

ఒక ఫిర్యాదు. ఏడో అధ్యాయంలో జన్యువుల పేర్లు గుంపుగా వచ్చి పడ్డాయి. ఎఫ్‌కేబీపీ5 ఒక్కదాన్ని నింపాదిగా చెప్పి ఊరుకుంటే సామాన్య పాఠకుడికి ఊపిరి ఆడేది. రెండో ముద్రణలో సరిచేస్తుందని ఆశ.

చికిత్స అధ్యాయం మాత్రం పల్లెల్లో వైద్యం చేసే ప్రతి ఆర్ఎంపీ చేతిలో పెట్టాలి. ఒంటినొప్పులు, గ్యాసు, నీరసం అంటూ వచ్చినవాడిని నిద్ర ఎలా ఉందని, ఎప్పుడైనా పెద్ద ప్రమాదం చూశావా అని అడగమంటుంది. నిద్రమాత్రల డబ్బా రాసిచ్చి పంపవద్దంటుంది. ఆ జ్ఞాపకాన్ని శిక్షణ పొందినవారి దగ్గర కొద్దికొద్దిగా ఎదుర్కొనే మాటల చికిత్సే ముందు వరుసలో ఉంది. సెర్ట్రలిన్ వంటి మందులు దానికి తోడు. వాపు తగ్గించే మందులతో ఇది నయమవుతుందని ఇంకా రుజువు కాలేదు.

పాఠకులకు ఒక్క మనవి. మీ ఇంట్లో ఏదైనా ప్రమాదం తర్వాత నెల దాటినా ఉలికిపాటు, పీడకలలు పోనివాళ్ళుంటే పిరికితనమని తిట్టకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ పుస్తకం చదివాక బీరువాలో పెట్టకుండా డ్రైవరు పని చేసే మీ బంధువుకో, ఆశా కార్యకర్తకో ఇవ్వండి.