చంద్రావతీ రామాయణము - అసంపూర్ణమను వాదము

వంగభాషలో రామకథను రచించిన తొలి స్త్రీగా చంద్రావతి ప్రసిద్ధురాలు. ఆమె కాలము పదునారవ శతాబ్దమందురు. నేడు బంగ్లాదేశమునందున్న కిశోరగంజ సమీపమున, ఫూలేశ్వరీ నదీతీరమందలి పాతువారీ గ్రామ మామె నివాసము. మనసామంగళకర్త యగు ద్విజ వంశీదాసు ఆమె తండ్రి.

ఆమె జీవితమును నయనచంద ఘోషు గేయముగా రచించెను. బాల్యసఖుడైన జయానందుడు వివాహవేళ అన్యకాంతను వరించెను. తండ్రి ఆమెకు శివాలయము కట్టించి రామాయణము వ్రాయుమనెను. పిదప జయానందుడు పశ్చాత్తప్తుడై వచ్చి, ఆలయద్వారము తెరవబడకపోగా నదిలో మునిగి మరణించెను. చంద్రకుమార దే సేకరించిన యీ గేయమును దీనేశచంద్ర సేనుడు 1923లో మైమనసింహగీతికయందు ప్రకటించెను. రామాయణము 1932లో పూర్వవంగగీతికయందు వెలువడినది.

ఈ గేయము కావ్యమునకు కీర్తి తెచ్చినంత కీడును చేసినది. ప్రియుని మరణముచే మనసు విరిగి కవయిత్రి రచనను నడుమ విడిచెనని యనేకులు సమాధానపడిరి. కావ్యమును చదివినచో ఈ సమాధానము నిలువదు.

ఇందలి ప్రథమభాగమునకు ప్రధానము సీతాజననమే గాని రామజననము కాదు. మండోదరీగర్భమున అండరూపమున పుట్టిన సీత సముద్రమున విడువబడి, జాలరి యిల్లు చేరి, వాని భార్య యగు సతా వలన జనకుని రాణిచేతికి వచ్చును. సీత యనగా నాగటిచాలని చదివినవారికి, ఆ జాలరిస్త్రీ పేరే సీతాశబ్దమునకు మూలమనుట విడ్డూరముగా తోచును. కాని కావ్యమార్గ మా వ్యుత్పత్తిలోనే తెలియుచున్నది.

ద్వితీయభాగమున వనవాసము, అపహరణము, యుద్ధము సర్వమును సీత చెలులకు బారమాసీ రీతిని చెప్పును. స్వతంత్రుడే కర్త యని వైయాకరణుల మాట. ఇచ్చట కథనక్రియకు సీతయే కర్త్రి. అశోకవనమున బంధింపబడినది కన్నులార చూడని యుద్ధము కొలది పంక్తులలో ముగియుట లోపమెట్లగును? మన మొల్ల యుద్ధకాండమును మూడాశ్వాసములు చేసెను. ఆమె మార్గము వేరు. ఈ యిరువురిని జోడించి పరిశీలించిన నవనీతా దేవ్ సేన్ చంద్రావతి కావ్యమును సీతాకథగా చదువుట యుక్తతరము.

భాషలో గ్రామ్యతయు, పునరుక్తులును కలవు. మైమనసింహ స్త్రీలు పాడుకొనుచు నిలుపుకొన్న పాఠమగుటచే ఏ మాట కవయిత్రిదో, ఏది గాయకురాండ్రదో విడదీయుట దుష్కరము. కొందరు పండితులు దీని ప్రాచీనతనే శంకించిరి.

తృతీయభాగమున కైకేయి కూతురు కుకుయా సీతచేత విసనకర్రపై రావణుని రూపు వ్రాయించి, రామునకు శంక పుట్టించును. తెలుగు స్త్రీల పాటలలో నీ పని శూర్పణఖది. అచ్చట సీత తాను చూచిన కాలిబొటనవ్రేలు మాత్రమే వ్రాయును. చంద్రావతి మాత్ర మిచ్చట కథను నిలిపి, రాముని తానే సంబోధించి, పరుల మాట విని బుద్ధి కోల్పోయితివని నిందించును.