నలభై రెండో రోజు ఫోను

108 బండి మనిషిని ఆసుపత్రిలో అప్పగించి వెళ్లిపోతుంది. లాగ్‌బుక్కులో ‘చేర్చాం’ అని రాస్తే బండివాళ్ల పని అక్కడికి సరి. చేర్చిన మనిషి తర్వాత ఏమైందో కూడా కనుక్కోవాలని పట్టుబట్టిన పని ఒకటుంది. అందులోని పనితనాన్ని విప్పి చూపాలని నాకు చాలా రోజులుగా ఉంది.

108 బండ్లను నడపడానికి 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన ఈఎంఆర్‌ఐ సంస్థ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులతో కలిసి చేసిన అధ్యయనం అది. 2016లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. ఐదు రాష్ట్రాల్లో నెలలు నిండుతూ 108కి ఫోను చేసిన 1684 మంది గర్భిణులను తీసుకున్నారు. నూటికి 92 మంది పల్లెల, గిరిజన ప్రాంతాలవాళ్లు. 48 గంటలయ్యాక ఒకసారి, ఏడో రోజున ఒకసారి, నలభై రెండో రోజున మరోసారి వాళ్ల బాగోగులు కనుక్కున్నారు. బాలింత చనిపోతే ప్రసూతి మరణంగా లెక్కగట్టే గడువు 42 రోజులే కదా, అందుకని. చివరి ఫోను నాటికి కూడా 94 శాతం మంది దొరికారు. ఇది మామూలు విషయమా!

ఈ ఓపికకు ఫలితం ఒక అంకెలో కనబడుతుంది. నమోదైన 1411 కాన్పుల్లో 126 ఇళ్లలో జరిగాయి, అదీ ఆసుపత్రికి వెళ్లి వచ్చాక. “ఇంకా టైముందమ్మా, వెళ్లి రా” అని పంపేస్తే ఇంటికొచ్చి కన్నవాళ్లు ఎందరో! లాగ్‌బుక్కు లెక్కన వీళ్లందరూ క్షేమంగా చేరినవాళ్లే. మళ్లీ అడిగితే తప్ప ఆ సంగతి బయటపడదు. ఇంకోటి: బండి సిబ్బంది 44 కాన్పులు చేశారు, రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ మాత్రం ఒక్కరికీ ఇవ్వలేదు. తమ లోపాన్ని ఆ సున్నాతో సహా అచ్చువేసుకున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

అయితే వలస వచ్చినవాళ్లు ఎందరో అందులో విడిగా తేలదు. మా కొత్తపట్నం ఒడ్డు నుంచి ఒంగోలు దాటి మెట్టలోకి పోతే, మిరపకోతల కాలంలో చేల గట్ల మీద డేరాలు కనిపిస్తాయి. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల పనికి, వచ్చిన కుటుంబాలవి. కొందరి ఇంటి భాష కన్నడం. డేరాకంతా ఛార్జింగున్న ఫోను ఒక్కటే, అది మగవాడి జేబులో. నిండు చూలాలూ కోతకొస్తుంది, రాత్రి నేల మీదే పడక, పామూ పురుగూ భయం. అత్యవసర వైద్యం వీళ్లకే ఎక్కువ కావాలి, అధ్యయనాల్లో జారిపోయేదీ వీళ్లే.

వీళ్లను కలుపుకోవాలంటే అడిగే తీరులోనే నేర్పుండాలి. “మీ మీద పరిశోధన చేస్తాం” అంటే ఎవరైనా పైట సర్దుకుని లేచిపోతారు. “నీకు ఎట్లా జరిగిందో అడిగి రాసుకుంటాం, వద్దంటే మానేస్తాం, వైద్యం ఆగదు” అంటే కూర్చుంటారు. అదీ నొప్పి తగ్గాక, వాళ్ల భాషలో. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నియమాలు వలస జనాన్ని ప్రత్యేక రక్షణ అవసరమైనవాళ్లలో చేర్చాయి. చదువురానివాళ్ల సమ్మతికి నిష్పక్షపాతి అయిన సాక్షి ఉండాలన్నాయి. అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చిన ముఠా మేస్త్రి అలాంటి సాక్షి ఎట్లా అవుతాడు? 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు, హాస్టలు పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. మరుసటేడు ఆ కార్యక్రమం ఆగిపోయింది. డేరాల దగ్గర అదే పొరపాటు మేస్త్రి వేలిముద్రతో జరగడం ఎంతసేపు?

ఫారంలో ఫోను నంబరుకు ఒకే గడి ఉంటే చాలదు. ఇక్కడిదొకటి, ఊళ్లో అత్తదో అమ్మదో ఇంకొకటి కావాలి. వాటి పక్కన ఇంకో ప్రశ్న: “నలభై రెండో రోజుకు ఎక్కడుంటావమ్మా?” ఆమె తేదీ చెప్పదు. “ఉగాదికి ఊరికి పోతాం” అంటుంది. రాసుకునేవాడు ఆ మాటను అలాగే రాసుకోవాలి.