గండి తోరణం, కొలిమి మంట

పాపాఘ్ని నది పాలకొండలను చీల్చుకొని పారే గండి దగ్గర ఒక కథ ఉండాది. రాముడి రాక కోసం వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టినాడంట. అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడినోళ్లకే కనపడుతుందంట. థామస్ మన్రో దొర దాన్ని చూసినాడనీ, అందుకే పోయినాడనీ చెప్తారు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మాట నిజమే.

ఈ కథను భక్తి కథగా వదిలేయడానికి మేము ఒప్పుకోము. అదే కాలపు బ్రిటిష్ చిత్రకళ పక్కన పెట్టి చూడాలంటున్నాము. మన్రో దత్తమండలాల కలెక్టరుగా (1800-1807) ఉన్న రోజుల్లోనే, 1801లో లూథర్‌బర్గ్ 'కోల్‌బ్రూక్‌డేల్ బై నైట్' గీసినాడు. ఇనుప కొలిమి మంటతో రాత్రి ఆకాశం ఎర్రబారి ఉంటుంది. పురాణాల్లోని నరకం మాదిరి భయమూ, అందమూ రెండూ. ఆ కొలిమికి బొగ్గు వేసినోళ్లు? నీడల్లో చిన్న చిన్న ఆకారాలు, అంతే. 1844 నాటి టర్నర్ 'రెయిన్, స్టీమ్ అండ్ స్పీడ్'లో రైలు దేవతలాగా దూసుకొస్తుంది. దుక్కి దున్నే మనిషి ఒక మూల చుక్కంత.

టర్నర్‌కు చూపు లేదనడం లేదు. 1840లో బానిసల ఓడ బొమ్మలో సంకెళ్లున్న కాలును నీళ్లమీద మన కళ్లముందే పెట్టినాడు. అంటే చూపడం చేతకాక కాదు. ఏ బొమ్మలో ఎవర్ని పెద్దగా గీయాలన్నది ఎంపిక.

గండి కథలోనూ అదే ఎంపిక. మన్రో దొర పొలాలు కొలిపించి రైతువారీ పెట్టినాడు. పట్టా ఎవరి పేరున పుడితే వాళ్లే రైతు. ఆ చేలల్లో పనిచేసిన మాల మాదిగలు చాలావరకు పట్టాకు బయటే మిగిలిపోయినారు. శిస్తు వేసిన దొరను కథ పుణ్యాత్ముణ్ణి చేసింది, కొండను ఆయనకు సాక్షిగా నిలబెట్టింది. దొర క్యాంపు కదిలితే డేరాలు మోసినోళ్లు, వెట్టికి దారి చూపినోళ్లు ఉంటారు గదా, వాళ్లకు తోరణం ఎందుకు కనపడలేదో కథ అడగదు. పుణ్యం లేదనా?

చాపాడు పొలాలకు నీళ్లిచ్చే కె.సి. కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనింది. కంపెనీ పేరు, కొన్న సంవత్సరం పుస్తకాల్లో ఉన్నాయి. పార, గంప పట్టినోళ్ల మాట ఆ పల్లెల ముసలోళ్ల దగ్గర వెతకాల్సిందే.